మా కల్లంలో దిగబడిన అమెరికా

"అమ్మమ్మా, అమ్మ పెళ్లప్పుడు మన కల్లంలో అమెరికా దిగబడిందంట కదా! అదేంటో చెప్పవా? ఫోన్లో రికార్డు చేసుకుంటా."

ఎవరే చెప్పింది నీకు? మీ నాన్నా? ఆయనకేం తెలుసు పాపం! నల్లపాడు నుంచి పెళ్లికొడుకై, తలకి నూనె రాసుకుని తీరిగ్గా దిగాడు. ఆయన వచ్చేసరికి ఇక్కడ యుద్ధమూ అయిపోయింది, మేం నవ్వుకోవడమూ అయిపోయింది. చెప్తా ఉండు. ఆ ఫోను కాస్త ఎడంగా పెట్టు. నా గొంతు సంగతి తెలుసుగా, కల్లంలో ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసిన గొంతు. ఆఁ, మొదలెట్టమంటావా?

అదే... ఇరాకు మీదికి అమెరికావాళ్ళు యుద్ధానికి పోయారు చూడు, ఆ ఏడు. నువ్వు పుట్టలేదు. నువ్వేంటి, మీ అమ్మకే పెళ్లి కాలేదుగా, నీకెట్టా తెలుస్తది! మిరపకాయ కోతలు అయిపోయి, కాయ కల్లాల్లో ఆరతా ఉంది. వినుకొండ నుంచి దర్శి దాకా బస్సులో పోతే రోడ్డుకి రెండు పక్కలా ఎర్రగా పరిచి ఉండేది. కిటికీ తీశావా, బస్సంతా తుమ్ములే తుమ్ములు. ఆ ఏడు కాయ బాగా వచ్చింది. రేటు కూడా... రేటు సంగతి ఎందుకులే, కాయ బాగా వచ్చిన ఏడు రేటు అడక్కూడదు.

మీ అమ్మ కరుణకి సంబంధం కుదిరింది. ఆదివారం ఈస్టరు పండగ, బుధవారం పెళ్లి. అయ్యగారు చర్చిలో ప్రకటన కూడా చదివారు. అయ్యగారంటే ఇప్పుడున్న పాస్టరుగారు కాదు, ముందాయన. సన్నగా పొడుగ్గా ఉండేవారు. ఆయన ప్రసంగం మొదలెడితే ఇంటికాడ పొయ్యి మీద కూర అడుగంటిపోయేది. మంచాయనలే, ఆయన సంగతి మళ్ళీ వస్తది.

ఇక కల్లం. మన పేట వెనకాల, చర్చి గోడనానుకుని ఉందే, అదే. ఎప్పుడో మా మామగారి కాలంలో గవర్నమెంటువాళ్ళు పేటకంతా కలిపి ఇచ్చారు. కౌలు చేలో పండిన నాలుగు బస్తాల కాయ ఆరబోసుకున్నా అక్కడే, పెళ్లి పందిరి వేసినా అక్కడే, ఎవరన్నా పోతే పడుకోబెట్టి ఏడ్చినా అక్కడే. ఇళ్ళేమో చూశావుగా, రెండు మంచాలేస్తే మూడోది బయట. మాకందరికీ కలిపి ఉన్న జాగా అదొక్కటే. దాన్ని ఎవరూ నాది అనుకోలా, మనది అనుకున్నాం.

మరి అమెరికా ఏదంటావా? వస్తన్నా, తొందరపెట్టబాక.

మేం ఆడాళ్ళం రాఘవయ్య గారి కల్లంలో తాలు ఏరేవాళ్ళం. తాలంటే తెల్లబోయిన కాయ, మంచి కాయలోంచి అది తీసేస్తేనే గుంటూరు మిర్చి యార్డులో బస్తాకి రేటు నిలబడేది. రాఘవయ్య గారు ఊళ్ళో మోతుబరి. చెడ్డాయన కాదు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది, ఎదుటివాళ్ళని అడగడం మాత్రం ఆయనకి చిన్నప్పుడెవరూ నేర్పలేదు. అంతే.

మధ్యాహ్నమయ్యేసరికి మస్తానన్న వచ్చేవాడు, పేపరు చంకలో పెట్టుకుని. పరుపులు కుట్టే దూదేకులాయన. పని లేని ఎండాకాలం ఆయనకి పేపరే పని. చింతచెట్టు నీడన కూర్చుని పైకి చదివేవాడు, మేం ఏరతా వినేవాళ్ళం. ఇరాకులో రసాయన ఆయుధాలున్నాయంట, వెతుకుతున్నారంట అని చదివాడు ఒకరోజు. మా దీనమ్మ లేదూ, మీ అమ్మకి పిన్ని వరస, అది ఏమందో తెలుసా? "ఓరి నాయనో, మన ఇళ్ళకొస్తే ఏం గాను! మంచం కింద అన్నీ పత్తి మందు డబ్బాలేగా, మన మీద కూడా బాంబులేస్తారేమో!" ఒకటే నవ్వు. అది మాత్రం ఆ సాయంత్రం ఇంటికి పోయి నిజంగానే డబ్బాలు తీసి దొడ్లో గడ్డివాము వెనక పెట్టింది. నేను చూశా.

ఇప్పుడు చెప్తా విను, నేనప్పుడు అమెరికా పక్షం. ఎందుకనుకున్నావ్? మా అమ్మకి నా కాన్పు కష్టమైతే గుంటూరులో మిషనాసుపత్రికి బండి మీద తీసుకుపోయారంట. అక్కడ అమెరికా డాక్టరు దొరసాని ఉండేదంట. ఆయమ్మ చేతుల్లో పడ్డాన్నేను. మా అమ్మ చచ్చేదాకా ఆయమ్మ పేరు చెప్పి ప్రార్థన చేసింది. బళ్ళో తాగిన పాలపొడి కూడా వాళ్ళదేగా! ఆ రుచి ఇప్పటికీ నాలిక మీద ఉంది. మరి అట్టాంటోళ్ళు చెడ్డపనెందుకు చేస్తారు? ఆ దేశంలో జనాన్ని ఎవరో బాధపెడుతుంటే ఆదుకోవడానికి పోయారు, అంతే, అని నేను.

మస్తానన్న పేపరు దించి కళ్ళజోడు మీంచి చూశాడు. "పురుడు పోసింది డాక్టరమ్మ, సువార్తమ్మా. ఇప్పుడు పోయింది సైన్యం. అయినా ఆదుకోమని పిలిచిందెవరు?" అన్నాడు.

"పిలవకపోతే మాత్రం ఇల్లు కాలుతుంటే పోరా?" అన్నా.

"కాలుతుందో లేదో చూసొస్తామని ఆ ఐక్యరాజ్యసమితి వాళ్ళు అంటంటే, ఆగకుండా పోయారుగా!"

"ఆ సమితేంది మళ్ళీ?"

"దేశాలన్నిటికీ కలిపి పెద్దమనుషుల సభ. తగువులు తీరుస్తారు."

"అయితే వాళ్ళ మాట వినాలిగా?"

"వినలేదు. అదేగా నేను చెప్పేది!"

ఇట్టా రోజూ. ఒకరోజు మాటా మాటా పెరిగి, మంచోళ్ళని అనబాక అని నేను గట్టిగా అరిచా. ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకుని, "నీ కూతురి పెళ్లి పరుపు కూడా అమెరికావాళ్ళనే కుట్టమను" అని వెళ్ళిపోయాడు. పోతే పోయాడని పైకి అన్నా గానీ, లోపల పరుపు బెంగే. పత్తి అంతా ఆయనింట్లోనే ఉందిగా!

అప్పుడేమైందంటే, వారం తిరక్కముందే ఓ సాయంత్రం మబ్బేసి వాన దంచింది. అకాల వాన. రాఘవయ్య గారి కల్లం పల్లంలో ఉంది, నీళ్ళు నిలిచినయ్. మనది మెరక. పొద్దున్నే లేచి చూస్తే రెండు ట్రాక్టర్లు మన కల్లంలో ఉన్నయ్. కాయంతా దించి పరుస్తున్నారు. ఈ గోడ నుంచి ఆ తుమ్మచెట్టు దాకా అడుగు పెట్టే సందు లేదు. మా చిన్న చిన్న కుప్పలన్నీ ఓ మూలకి నెట్టి పైన పట్ట కప్పారు.

నేను పరిగెత్తా. "ఇదేంటి బాబుగారూ?"

"రెండు రోజులే సువార్తమ్మా! అసలు మీ కోసమే. పక్కూళ్ళో కాయ దొంగలు పడ్డారు తెలుసా? మీ కుప్పలకి కాపలా ఎవరున్నారు? నేను చూసుకుంటాగా! లైటేయిస్తా, మనిషిని పెడతా" అన్నాడు నవ్వుతా.

అన్నట్టే స్తంభం పాతించి పెద్ద బల్బు వేయించాడు. నిజం చెప్పొద్దూ, లైటు బాగుండేది. పేట పిల్లలు దాని కింద చేరి పుస్తకాలు చదువుకునేవాళ్ళు. దీనమ్మైతే, "ఉండనీలే అక్కా, దీపం వచ్చింది" అంది. కొంతమందికి ఆ దీపం చూసి సంతోషమే. కానీ కాపలాకి ఎవడ్ని పెట్టాడు? వాళ్ళ దూరపు చుట్టాన్ని, కర్రా, టార్చిలైటూ ఇచ్చి. వాడు మా కల్లంలోకి మేం పోతే, "ఎవరు? ఎక్కడికి? ఏం పని?" అని అడిగేవాడు. నన్ను! ముప్పయ్యేళ్ళు ఆ మట్టి ఊడ్చినదాన్ని! నా కోడిపెట్ట కాయ మీదికి పోయిందని దాన్ని కూడా పట్టుకుని బుట్ట కింద మూశాడు. కోడిని విడిపించుకోవడానికి నేను సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిందే పిల్లా. నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. ఆ రోజు నాకు కడుపు మండింది.

రెండు రోజులు పోయినయ్, వారం పోయింది. అక్కడ ఇరాకులో ఆ దేశపు పెద్దాయన బొమ్మని పడగొట్టారు, రాఘవయ్య గారింట్లో టీవీలో ఊరంతా చూసింది. అయిపోయింది, ఇక ఎవరి దేశానికి వాళ్ళు పోతారు అనుకున్నాం. అదే ఊపులో నేను, "మరి మీరెప్పుడు తీస్తారు బాబుగారూ? పెళ్లి దగ్గరికొచ్చింది" అన్నా.

"పని అయిపోగానే సువార్తమ్మా. ఇప్పుడు తీస్తే మీకే నష్టం" అన్నాడు.

అప్పుడు మస్తానన్న గుర్తొచ్చాడు. సాయంత్రం ఆయనింటికి పోయా. అరుగు మీద కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి కూడా లేవలేదు. "అన్నా, ఆ యుద్ధం సంగతి పేపర్లో ఏం రాశారు?" అన్నా. ఆయన పేపరు తెరిచి చదివాడు. పని పూర్తి కాగానే పోతాం, ఇప్పుడు పోతే అక్కడి జనానికే నష్టం అని ఉంది. నేను నోరు తెరిచా. ఆయన నా మొహం చూసి ఫక్కున నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. మా కోపాలు అక్కడితో సరి. "నీ కల్లంలో దిగిందాకా నీకు అర్థం కాలేదు చెల్లెమ్మా" అన్నాడు. ఆ రాత్రికి పేటంతా రాఘవయ్య గారికి అమెరికా అని పేరు పెట్టేసింది. "అమెరికా బండి మీద వస్తంది", "అమెరికా టీ తాగుతుంది", ఇదే గోల.

మరి పెళ్లెట్టా? అదే నా దిగులు. పందిరి వేయడానికి జానెడు జాగా లేదు. నల్లపాడు వాళ్ళు బస్సేసుకుని వస్తే రోడ్డు మీద కూర్చోబెడతామా? పేట పెద్దలందరం కలిసి పెద్దమనుషుల్ని పిలిచాం. ఊళ్ళో తగువులు తీర్చే నలుగురు ఉండేవాళ్ళులే, తెల్ల పంచెలు, కండువాలు. వచ్చారు. చర్చి వరండాలో కుర్చీలేశాం. టీలు తాగారు, మళ్ళీ టీలు తాగారు. చివరికి తీర్మానం చెప్పారు. రాఘవయ్య వీలైనంత తొందరగా కల్లం ఖాళీ చెయ్యాలి, అప్పటిదాకా పేటవాళ్ళు సహకరించాలి అని. రాఘవయ్య గారు నిండుగా నవ్వి, "అట్టాగే, అట్టాగే" అన్నాడు. వీలెప్పుడని ఒక్కరన్నా అడిగారా? లేదు. కండువాలు దులుపుకుని పోయారు.

మస్తానన్న నా చెవిలో, "ఇదే సువార్తమ్మా సమితి" అన్నాడు. నేనప్పుడు నవ్వే స్థితిలో లేను.

పండగొచ్చింది. ఏటా ఈస్టరు తెల్లారుజామున కల్లంలో నిలబడి, అటు పొద్దు పొడుస్తుంటే పాటలు పాడేవాళ్ళం. ఆ ఏడు సందులో నిలబడ్డాం, ఇరుగ్గా, ఒకళ్ళ భుజాలు ఒకళ్ళకి రాసుకుంటా. మీ అమ్మ నా పక్కనే ఉంది. పాడుతూ పాడుతూ కల్లం వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. నాకు చూపించకూడదని కొంగుతో ముక్కు తుడుచుకున్నట్టు చేసింది. తల్లికి తెలియదా! అప్పుడే పుట్టింది నాకు ఆలోచన.

నీకు పందిరి రాట తెలుసుగా? పెళ్లికి ముందు మొదటి గుంజ పాతుతారే, మామిడాకు కట్టి. రాట పడిందంటే ఇక పెళ్లి మొదలైనట్టే. పెళ్లయ్యేదాకా దాన్ని ఎవరూ కదిలించరు. మనమైనా అంతే, ఊళ్ళోవాళ్ళైనా అంతే. ఈ రాఘవయ్య గారి చెల్లెలి పెళ్లికే రాట బండ్లబాట మధ్యలో పడిందని, పెళ్లయ్యేదాకా ఊరి బండ్లన్నీ చేలకి అడ్డం పడి తిరిగిపోయినయ్. ఎవ్వరూ ఒక్క మాట అనలా.

ఆరాధన అవగానే, "అయ్యగారూ, రాట పాతాలి, ప్రార్థన చెయ్యండి" అన్నా.

"ఎక్కడమ్మా?" అన్నారు.

"ఎప్పుడూ పాతేచోటే. కల్లం నడిమధ్యలో."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. ఇటు చూశారు, అటు చూశారు. "పద" అన్నారు.

అందరం కొత్త చీరలతో కదిలాం. కాపలావాడు కర్ర పట్టుకుని అడ్డం వచ్చాడు. "ఎవరు? ఎక్కడికి? ఏం పని?" "పెళ్లిపని నాయనా" అన్నా. ముందు అయ్యగారు బైబిలు పట్టుకుని, వెనక మేం పాడుకుంటా. వాడు ఎవర్ని ఆపుతాడు? ఆడాళ్ళం మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తో కాయ పక్కకి తీసుకుంటా దారి చేశాం. ఒక్క కాయ తొక్కలేదు తెలుసా! కాయ మీద మాకేం కోపం? మా చేతుల్తో కోసిందేగా. నడిమధ్యలో గుండ్రంగా నేల కనపడేట్టు చేసి, మీ తాతయ్య గునపంతో గొయ్యి తీశాడు. మీ అమ్మ మామిడాకు కట్టింది. అయ్యగారు ప్రార్థన చేశారు. ఆ ఒక్కసారే చిన్న ప్రార్థన చేశారాయన జన్మలో.

అరగంటలో అమెరికా వచ్చింది, బండి మీద.

"ఎవరే ఇక్కడ గుంజ పాతింది?"

"గుంజ కాదు బాబుగారూ, పెళ్లిరాట. కాయకి అడ్డమైతే పీకెయ్యండి, మీ ఇష్టం" అన్నా. చేతులు కట్టుకుని నిలబడ్డా.

ఆయన ఊపుగా వచ్చాడు. చెయ్యి కూడా చాపాడు. మామిడాకులు చూశాడు. పక్కనే నిలబడ్డ మీ అమ్మని చూశాడు. ఆ చేత్తో మీసం సవరించుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా" అని గొణిగాడు. పక్కనున్న దీనమ్మ, "అడిగితే చెప్పేవాళ్ళంగా!" అంది. ఆయన బండెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి వాళ్ళమ్మగారు వచ్చింది. పెద్దమ్మగారు అనేవాళ్ళం. ఎండలో గొడుగేసుకుని, కొడుకుని వెంటబెట్టుకుని. "ఒరేయ్, పెళ్లిరాట పడ్డ చోట నీ కాయలేంట్రా! ఆడపిల్ల పెళ్లి ఆపిన పేరు మనకి కావాలా? పొద్దుగూకేలోపు ఒక్క కాయ కనపడ్డానికి వీల్లేదు!" అని అందరి ముందూ అరిచింది. ఇంత మనిషి, ఎండుకొమ్మలాగా ఉండేది, ఆ గొంతుకి రాఘవయ్య గారు పిల్లాడైపోయాడు. తర్వాత ఆయమ్మ రాట దగ్గరికొచ్చి, "ఇదేంటే, పసుపు పుయ్యలేదు?" అంది. మాలో పుయ్యరని చెప్పబోయా. "ఊరుకోవే" అని కొంగులోంచి పసుపు తీసి నున్నగా పూసేసింది. నేను అయ్యగారి వంక చూశా. ఆయన తలెత్తి ఆకాశంలో మబ్బులు చూస్తున్నారు. ఒక్క మబ్బూ లేదు ఆ రోజు.

సాయంత్రానికి కల్లం ఖాళీ. ఎత్తింది కూడా మేమే, కూలి ఇచ్చాడు, ఊరికే కాదు. స్తంభం పీకబోతుంటే నేనే, "లైటుండనీండి బాబుగారూ, పెళ్లికి పనికొస్తది" అన్నా. ఉంచాడు. ఆ వెలుగులో మస్తానన్న దూదేకే విల్లు తెచ్చుకుని మీ అమ్మ పరుపుకి పత్తి ఏకాడు. ఆ టింగు టింగు మోతకి పేట పిల్లలందరూ ఎగిరారు. దూది ఎగిరి అందరి తలలూ తెల్లబడినయ్.

పెళ్లి ఎట్టా జరిగిందంటావా? మీ నాన్న బస్సు దిగి, "ఇక్కడ నేలంతా ఘాటేంటి?" అని తుమ్మాడు. తాళి కట్టేటప్పుడు తుమ్మాడు, ఫోటోలో తుమ్మాడు. చూడు ఆ ఫోటో, కళ్ళు మూసుకుని ఉంటాడు. పెద్దమనుషులు నలుగురూ వచ్చారు, మొదటి బంతిలోనే కూర్చున్నారు. "మేం తీర్మానం చెయ్యబట్టే కదా" అన్నారు. మస్తానన్న వాళ్ళ విస్తళ్ళలో మాంసం ఇంకా రెండు ముక్కలేయించాడు, పాపం అలిసిపోయారని.

అసలు సంగతి ఇంకా చెప్పలేదుగా. మరుసటేడు మళ్ళీ కోతలయ్యాక, ఓ పొద్దున నేను వాకిలి ఊడుస్తున్నా. రాఘవయ్య గారు. బండి సందు మొదట్లో ఆపి, నడిచొచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. "సువార్తమ్మా, మీ కల్లంలో నాలుగు రోజులు కాయ ఆరబోసుకోవచ్చా?" అన్నాడు.

చీపురు చేతిలోనే ఉండిపోయింది నాకు. కల్లం నాదొక్కదానిదా, పేటోళ్ళని అడిగి చెప్తానన్నా. "అడుగు, నేనుంటా" అని అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగిచ్చా, తాగాడు. అందరూ సరేనన్నారు. చెప్పిన రోజుకి తీసేశాడు. ఆ తర్వాత ఏ ఏడు వచ్చినా అట్టాగే, అడిగి వచ్చాడు. ఆయన్ని మళ్ళీ అమెరికా అని ఎవరూ అనలా.

ఇప్పటికీ నేను ఆ డాక్టరు దొరసాని కోసం ప్రార్థన చేస్తా. ఇరాకులో తల్లుల కోసం కూడా చేస్తా. ఆయమ్మ దగ్గరికి మా అమ్మే కోరి పోయింది. ఈ సైన్యాన్ని వాళ్ళెవరూ పిలుచుకోలేదు. వాళ్ళ వాకిట్లో ఎవడో టార్చిలైటేసి, ఎక్కడికి, ఏం పని అని ఎన్నాళ్ళు అడిగుంటాడో! మన పెద్దమ్మగారిలాంటి మనిషి ఒకరుండి కొడుకులకి బుద్ధి చెప్పుంటే ఎంత బాగుండేది. మాకు ఉంది. మాకు అట్టా కలిసొచ్చింది.

ఏందే, కళ్ళు తుడుచుకుంటున్నావ్? మీ అమ్మలాగే, ముక్కు తుడుచుకున్నట్టు! ఇటు రా. తల వంచు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. నీ గడప ఎప్పుడూ నిండుగా ఉండాలి. వచ్చేవాళ్ళు ఎంత పెద్దోళ్ళైనా బయట నిలబడి, నిన్ను అడిగి లోపలికి రావాలి. నువ్వు కూడా ఎవరింటికి పోయినా అడిగి పో. అంతే. ఆ ఫోను ఆపెయ్, మీ నాన్న వస్తన్నట్టున్నాడు, ఆ తుమ్ము ఆయనదే...